మామ రంపంలో మగ్గం నూనె

నా చిన్నప్పుడు మా నీలం నగర్‌లో నిశ్శబ్దం ఏడాదికి రెండు మూడు సార్లే వచ్చేది. మిగతా రోజులన్నీ మగ్గాల టకటకలే. ఆ చప్పుడులోనే పుట్టాం, ఆ చప్పుడులోనే నిద్రపోయాం, కాబట్టి అదొక చప్పుడని మాకు తెలియనే తెలియదు. దసరాకు ముందు రోజు ఖండేనవమికి, అంటే ఆయుధపూజ నాడు మాత్రం కారఖానాలన్నీ ఆపేసేవారు. మగ్గాలు తుడిచి, నూనె వేసి, బంతిపూల దండలు కట్టేవారు. అప్పుడు చెవులు ఒక్కసారిగా ఖాళీ అయిపోయినట్టు ఉండేది. మూడిళ్ళ అవతల ఎవరో జొన్నరొట్టె చరుస్తున్న చప్పుడు కూడా వినపడేది. గాలిలో దూది నూగు మాత్రం ఆ రోజు కూడా తేలుతూనే ఉండేది. కిటికీలోంచి ఎండ పడిన మేర అది మెల్లగా పైకి పోయేది, మళ్ళీ మెల్లగా దిగేది. నేను బండల మీద వెల్లకిలా పడుకొని దాన్నే చూస్తూ ఉండేదాన్ని. అమ్మ రెండుసార్లు పిలిస్తే గాని లేచేదాన్ని కాదు.

ఆ నూగు చూడ్డానికి అందంగానే ఉండేది గాని, మా మామకు పడలేదు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మీసాలు సరిగా రాకముందే ఊరి నుంచి షోలాపూర్ వచ్చి, మా ఇంటి ముందుగదిలో ఉన్న రెండు మగ్గాల మీద తువ్వాళ్ళు నేసేవాడు. నేత బాగా తెలుసు, చెయ్యి చురుకు, పాట కూడా పాడేవాడు. తర్వాత తర్వాత పాట పోయి దగ్గు వచ్చింది. దగ్గు పట్టిందంటే వంగిపోయి మగ్గం చట్రం పట్టుకొని నిలబడేవాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేవి. ఇంకా కొన్నేళ్ళు ఈ నూగు పీలిస్తే ఊపిరి మిగలదని డాక్టరు చెప్పాడు. నేత తప్ప ఏమీ తెలియని మనిషికి నేత వద్దంటే ఏం చేస్తాడు? నెల రోజులు ఊరికే కూర్చున్నాడు. చివరికి చెట్లు కొట్టించే గుత్తలు పట్టే ఒక ఠేకేదారు దగ్గర తాళ్ళు లాగే పనికి కుదిరాడు. బయట గాలి తగిలేసరికి ఆరు నెలల్లో దగ్గు సగానికి సగం తగ్గింది. అమ్మ ఆ ఏడు పూజలో మగ్గంతో పాటు చెట్లకు కూడా దండం పెట్టుకుంది.

తర్వాతి ఏడు దసరాకు రెండు రోజుల ముందు ఆ ఠేకేదారు మామ చేతికి పెట్రోలు రంపం ఇచ్చాడు. అప్పట్లో అది ఊళ్ళో ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండేది. పండగ దాటిన తెల్లారి నుంచి నువ్వే నడుపు, సరిగా నడిపితే ఈ పని నీదే, లేదంటే మిషిని ఇంకొకరికి పోతుంది అన్నాడట. తాళ్ళు లాగేవాళ్ళను అప్పటికే తగ్గిస్తున్నాడు. అంటే ఈ పని దక్కకపోతే మామకు మళ్ళీ మా ముందుగదే గతి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మామకు చదువు రాదు. ఇన్ని పెట్రోలుకు ఇన్ని మూతల నూనె అని ఠేకేదారు నోటితో చెప్పింది గుర్తు పెట్టుకొని, పైకి లెక్కపెడుతూ కలిపి పోశాడు. పెరట్లో ఒక ఎండుకొమ్మ కోసి చూపించాడు. వీధంతా వచ్చి చూసింది. తర్వాత దాన్ని పాత తువ్వాల్లో చుట్టి ముందుగది మూలన పెట్టాడు.

నాకప్పుడు పదేళ్ళు. తెలివి మాత్రం ముప్ఫై ఏళ్ళదని నా నమ్మకం. ఖండేనవమి నాడు మగ్గాలకు నూనె వేసే పని నాది, ఎందుకంటే చట్రం కిందికి దూరేంత సన్నగా ఇంట్లో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. మా పెద్దనాన్న మగ్గాల మరమ్మతు చేసే జాబరు. వీధిలో ఏ మగ్గం మొరాయించినా ఆయన్నే పిలిచేవారు. ఆయనే నాకు పొడుగు ముక్కు నూనెడబ్బా ఇచ్చి, ఇనుములో ఎక్కడ కంత కనిపిస్తే అక్కడ వేస్తూ పో, మగ్గానికి దప్పిక తీరితే ఏడాదంతా మాట వింటుంది అని నేర్పాడు. మేం నేతోళ్ళం. మాకు యంత్రం అంటే మగ్గమే, కంత అంటే నూనె పోసేదే.

రెండు మగ్గాలూ అయ్యాక మూలనున్న రంపం కనిపించింది. పాపం దానికి ఎవరూ నూనె వెయ్యలేదే అనుకున్నాను. తువ్వాలు విప్పాను. రెండు మూతలు ఉన్నాయి. ఒకటి తీస్తే లోపల చిక్కటి నూనె నిండుగా ఉంది. రెండోది తీస్తే సగమే ఉంది, అదీ నీళ్ళలా పల్చగా. కంపు కొడుతోంది, కిరసనాయిలు కలిపి ఉంటారు అనుకున్నాను. సగమే ఉంటే ఎట్లా, మామ పండగ సందడిలో మర్చిపోయి ఉంటాడు. డబ్బాలో మిగిలిన మగ్గం నూనె అంతా అందులో ఒంపి, అంచుదాకా నింపి, మూత బిగించాను. పైన కుంకుమ బొట్టు పెట్టి, పిడికి ఒక బంతిపువ్వు కట్టాను. సాయంత్రం మామ చూసి మురిసిపోయాడు. నా మిషినికి పూజ గూడ చేసినవా కోడలా అని నెత్తి మీద చెయ్యి పెట్టాడు. నూనె సంగతి అప్పుడే చెప్పాల్సింది. చెయ్యని పని కూడా చేశానని చెప్పుకునేదాన్ని, ఆ రోజు చేసింది చెప్పలేదు. మంచి పని ఒకటి ఎవరికీ తెలియకుండా దాచుకుంటే తియ్యగా ఉంటుంది కదా, అట్లా దాచుకున్నాను.

మర్నాడు దసరా. పొద్దున్నే తలంట్లు అయ్యాయి, వంటింట్లోంచి పోలెలు, అదే బొబ్బట్లు, కాలే వాసన వస్తోంది. రేపటి పనికి ఒకసారి చూసుకుందామని మామ రంపం పెరట్లోకి తెచ్చి తాడు లాగాడు. బుస్సుమని ఒకసారి తెల్లగా పొగ కక్కి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. ఇంక పొగ కూడా లేదు. పది సార్లు, ఇరవై సార్లు లాగాడు. కొత్త అంగీ చెమటకు వీపుకు అంటుకుపోయింది. గోడ మీదుగా తొంగిచూసిన పక్కింటాయన, పండగ పూట మగ్గాల లెక్క దానిగ్గూడ సుట్టీ కావాల్నేమో అని నవ్వాడు. మామ నవ్వలేదు. నేను దసరాకు పంచే ఆకు బంగారం పిడికిట్లో పట్టుకొని గడప మీద నిలబడి ఉన్నాను. నాకు అప్పుడే లోపల ఎక్కడో తెలిసిపోయింది. తెలిసిపోయిందని నాకే తెలియనట్టు నటించాను.

పెద్దనాన్న బొట్టు పెట్టుకొని బయటికి వచ్చాడు. మగ్గం ఆగితే ముందు చేతులు తీసి పక్కన పెట్టాలనేది ఆయన పద్ధతి. కంగారులో కదిలిస్తే తెగిన ఒక్క పోగు పక్కన ఇంకో పది తెగుతాయి. రంపం దగ్గరికి వచ్చి ఆయన చేసిన మొదటి పని, మామ చేతిలోంచి తాడు విడిపించడం.

"ఇడ్సిపెట్టు తమ్మీ, తాడు తెంపుకుంటవు. ఆఖరికి ఎప్పుడు నడిసింది?"

"మొన్ననే బావా. మస్తు నడిసింది. పెట్రోలు గూడ అప్పుడే కలిపి పోసిన."

"తర్వాత ఎవలన్న ముట్టిండ్రా?"

"ఎవలు ముడ్తరు? మూలకే ఉండె గదా."

నేను గడప మీద నుంచి కదల్లేదు. పెద్దనాన్న ఎవరి వంకా చూడకుండా పీట వేసుకొని కూర్చున్నాడు. కొత్తగా పెట్రోలు పోశానన్నాడు కాబట్టి ట్యాంకు జోలికి పోలేదు. ముందు తెల్ల తువ్వాలు ఒకటి పరిచాడు. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే దాని మీద పెడుతూ పోయాడు. గొలుసును చేత్తో తిప్పి చూశాడు, తేలిగ్గానే తిరిగింది. తాడు చుట్టుకునే చక్రం బాగానే ఉంది. పైన మూత తీస్తే గాలి వడపోసే సన్నటి జాలీ దూది నూగుతో తెల్లగా మూసుకుపోయి ఉంది. రెండు రోజులు మా ముందుగదిలో ఉన్నందుకే అంత పట్టింది. పెద్దనాన్న ఆ నూగును వేలితో తీసి, ఒక్క క్షణం దాని వంకా, మామ వంకా చూశాడు. జాలీ దులిపి పెట్టారు. మామ ముఖంలో ఆశ వచ్చింది, తాడు లాగాడు. చప్పుడు లేదు.

తర్వాత ప్లగ్గు విప్పారు. నల్లగా, తడితడిగా ఉంది. దాన్ని ఇనుముకు ఆనించి పెట్టి మామను తాడు లాగమంటే కొసన నీలంగా చిన్న మెరుపు మెరిసింది. పెద్దనాన్న ప్లగ్గుకున్న తడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసన ఆయనకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు, ఆయన బట్టల్లోంచి అదే వాసన వచ్చేది. వేళ్ళు తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఈ ప్లగ్గు మీద నమ్మకం లేదు తమ్మీ, కొంతం చౌక్ దగ్గర మెకానిక్ ఇంట్లనే ఉంటడు, పొయ్యి వేరేది అడిగి పట్టుకరా అన్నాడు. మామ సైకిలెక్కి పోయాడు. మెరుపు వచ్చిన ప్లగ్గు మీద నమ్మకం లేకపోవడం ఏమిటని నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత గాని తట్టలేదు.

పెరట్లో ఆయనా నేనూ మిగిలాం. ఎండ మెత్తగా ఉంది. మగ్గాలు లేని ఆ నిశ్శబ్దంలో ఎక్కడో డప్పు వినిపిస్తోంది, అది కూడా నిద్రలో వింటున్నట్టుగా ఉంది. పెద్దనాన్న జేబులోంచి ఎర్ర దారం కండె తీసి నా చేతిలో పెట్టాడు. ఆ దారం ఏమిటో మా వీధిలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. తువ్వాలు నేస్తుండగా తప్పు పడితే నేసేవాడు అంచుకు చిన్న ఎర్ర పోగు కట్టేస్తాడు. ఇక్కడ నా వల్ల తప్పు పడింది, చూసుకోండి అని దానర్థం. అట్లా కట్టిన తప్పుకు కారఖానా యజమాని తిట్టడు, ఆ ముక్క పక్కకు తీసేస్తాడంతే. కట్టకుండా మడత లోపల దాస్తేనే మాట పడాలి.

"నేను పొయ్యి మంచినీళ్ళు తాగొస్త బిడ్డా. దీన్ల తప్పు ఏడున్నదో నీకు కనబడితే దారం కట్టు. ఎట్ల తెల్సిందని నేను అడగ."

ఆయన చాలాసేపు నీళ్ళు తాగాడు. కుండ మొత్తం తాగినా అంతసేపు పట్టదు. తువ్వాలు మీద పరిచిన ముక్కలన్నీ నన్నే చూస్తున్నాయేమో అనిపించింది. నేను నూనె పోసిన ఆ రెండో మూతకు దారం చుట్టి ముడి వేశాను. ముడి వేస్తుంటే ఏడుపు వచ్చింది, వేశాక ఆగింది. ఆయన తిరిగొచ్చి చూసి, మంచిది అని మాత్రం అన్నాడు. ట్యాంకులో ఉన్నదంతా సీసాలోకి వంపాడు. అది బెల్లం పాకంలా సాగుతూ దిగింది. డబ్బాలో ఉన్న వట్టి పెట్రోలు కొంచెం పోసి, గిలకరించి, రెండుసార్లు కడిగాడు. ప్లగ్గు తుడిచి ఎండలో పెట్టాడు. తాడు మెల్లగా నాలుగుసార్లు లాగి లోపల నిలిచిన తడిని బయటికి తోయించాడు. తనే కొత్తగా కలిపి పోశాడు. ఎర్ర దారం విప్పి మళ్ళీ కండెకు చుట్టుకున్నాడు.

మామ కొత్త ప్లగ్గుతో వచ్చేసరికి పాత ప్లగ్గుతోనే అన్నీ బిగించి ఉన్నాయి. మూడోసారి లాగగానే రంపం లేచింది. ఒక్కసారి నీలం పొగ కక్కి, గొంతు సవరించుకొని, గీపెట్టింది. రెండు రోజుల నిశ్శబ్దంలో ఆ చప్పుడుకు వీధి పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు. అమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చి నిలబడింది. నాకు గుండె తేలికపడింది, గండం గడిచిందనుకున్నాను. మామ రంపం ఆపి, ఏమయ్యింది బావా అని అడిగాడు. లోపల నూనె ఎక్కువయ్యింది అన్నాడు పెద్దనాన్న. అని ఆగాడు. ఆ ఆగడం నా కోసం. నేను నేల చూపులు చూశాను.

నూనె ఎక్కువైందనగానే మామ ముఖం వాడిపోయింది. నేనే గదా కలిపిన అన్నాడు, మెల్లగా. రంపం కింద పెట్టేశాడు. తన కుడిచెయ్యి ఎత్తి, అరచేతిని ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పి చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి తనకు అతికించినట్టు చూశాడు. తర్వాత పీట మీద కూర్చొని ఖాళీ సీసా ముందు పెట్టుకొని, నూనె మూతతో కొలిచినట్టు నటిస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఎక్కడ తప్పానా అని వెతుకుతున్నాడు. తప్పు లేని చోట తప్పు వెతుకుతుంటే దొరుకుతుందా?

మధ్యాహ్నం అందరం వరసగా భోజనాలకు కూర్చున్నాం. మామ విస్తరిలో పోలె అట్లాగే ఉంది. అమ్మ నెయ్యి వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపు పొద్దుగాల పొయ్యి మిషిని వాపస్ ఇచ్చేస్త అక్కా. సదువు రానోనికి గసుంటి పని గాదు. చెట్టు మీద నేనుంటె కింద మనుషులు తాళ్ళు పట్టుకొని ఉంటరు. నడుమల బంద్ పడితే ఎవని పానం మీదికో వస్తది. మాగమైతే నాకు ఎరుకైన పని."

అమ్మ చేతిలో నేతి గిన్నె అట్లాగే నిలబడిపోయింది. మళ్ళీ మగ్గం మీద కూర్చుంటే ఏమవుతుందో ఆ వరసలో ఉన్న అందరికీ తెలుసు. పెద్దనాన్న తల ఎత్తలేదు, ముద్ద కలుపుతూనే ఉన్నాడు, ఎంతకీ నోట పెట్టుకోలేదు. అప్పుడు నాకు అర్థమైంది. మగ్గం మీద పడిన తప్పుకు దారం కడితే చాలు, ఎందుకంటే ఆ మగ్గం మీద నేసేవాడు ఒక్కడే. దారం చూస్తే మనిషి తెలిసిపోతాడు. రంపం మీద నా చెయ్యీ పడింది, మామ చెయ్యీ పడింది. నేను కట్టిన దారం తప్పు ఎక్కడుందో చెప్పింది గాని ఎవరిదో చెప్పలేదు. నేను పక్కకు తప్పుకునేసరికి ఆ తప్పు పోయి మామ నెత్తిన కూర్చుంది.

అంత మంది ముందు నోరు తెరవడం నాకు చాతకాలేదు. విస్తరి ముందు నుంచి లేచాను. లేవకూడదు, అమ్మ కసిరింది. మామ దగ్గరికి పోయి ఆయన చెవి దగ్గర చెప్దామనుకున్నాను. తీరా పోయాక గొంతు పెద్దగానే వచ్చింది.

"నేనే పోసిన మామా. మాగం నూనె. రెండో మూత తీసి డబ్బ మొత్తం పోసిన. నువ్వు కలిపినదాన్ల తప్పు లేదు."

మామ నన్ను కొడతాడనుకున్నాను. అమ్మ అయితే గిన్నె కింద పెట్టి రానే వచ్చింది. మామ ఆమెను చేత్తో ఆపాడు. ఎంత పోసినవు అని అడిగాడు. చూపించాను. ఏ మూత అని అడిగాడు. మళ్ళీ చెప్పాను. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, అయితె నేను కలిపింది మంచిగనే ఉండె అన్నాడు. మళ్ళీ ఒకసారి అదే మాట పెద్దనాన్న వైపు చూస్తూ అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు, దగ్గు రాలేదు, ఉత్త కన్నీళ్ళే. కోపం జాడ ఎక్కడా లేదు. తప్పిపోయిన పశువు ఇంటికి చేరితే రైతు ముఖంలో ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. చల్లారిన పోలె తీసుకొని సగం తుంచి నా నోట్లో పెట్టాడు. మిగతా సగం తను తిన్నాడు. ఆ పూట అమ్మ వేసిన ఒక్క దెబ్బ మాత్రం తప్పలేదు, అది సాయంత్రం పడింది, న్యాయమే.

చేతులు కడుక్కునేటప్పుడు పెద్దనాన్న నా పక్కన నిలబడ్డాడు. ఆయనకు ముందే తెలుసా అని అడగాలనుకున్నాను, అడగలేదు. దారం కట్టుడు సులువే బిడ్డా, కట్టినాంక ఆడనే నిలబడుడు కష్టం అన్నాడు ఆయన. పోయి మంచం మీద పడుకున్నాడు.

మర్నాడు మామ రంపం సైకిలుకు కట్టుకొని పోయాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అదే పని చేశాడు. దగ్గు పూర్తిగా పోలేదు గాని పాట మాత్రం తిరిగొచ్చింది. పెద్దనాన్న పోయాడు, మామ కూడా పోయాడు, ముసలివాడై పోయాడు, ఊపిరి ఆడక పోలేదు. నేను ఇప్పుడు కుంభారి కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇక్కడ మగ్గాల చప్పుడు లేదు. మొన్న ఒక మధ్యాహ్నం గుడ్డలుతికే మిషన్ ఆగిపోతే, నిన్న రాత్రి నేనే ఏదో ఒత్తి ఉంటానని కోడలు తనను తాను తిట్టుకుంటోంది. పొద్దున బట్టలతో పాటు నా చిల్లర సంచి అందులో వేసింది నేను. మంచం దిగి పోయి చెప్పాను. అత్తమ్మా, ఇంత చిన్నదానికి మంచం దిగి రావాలా అని నవ్వింది. ఈ వయసులో కూడా తప్పు ఒప్పుకోవాలంటే నాకు భయమే, అబద్ధం ఎందుకు. కానీ తప్పు చెయ్యని మనిషి తన చేతిని తానే అనుమానంగా తిప్పి చూసుకోవడం ఒకసారి చూశాను. అది ఇంకోసారి చూడాలంటే నాకు అంతకంటే భయం.